ఆరోగ్యమస్తు: కుక్కపిల్లకు వాము నీళ్ళు పనిచేస్తాయా?

ఈ శీర్షికకు వచ్చే ప్రశ్నలలో రక్తపోటు, చక్కెర జబ్బు, మోకాళ్ళ నొప్పులు ఎప్పుడూ ముందుంటాయి. ఈ మధ్య వాటి పక్కన నాలుగోది ఒకటి చేరింది: కుక్కపిల్ల. మన పిల్లలు ఈ దేశంలో పెరుగుతున్నారు, పొరుగింటి పిల్లలకున్నది తమకూ కావాలంటారు. ఏడాదిపాటు బతిమాలించుకుని, "అది వంటింటి గడప దాటకూడదు సుమా" అని షరతు పెట్టి, పెద్దవాళ్ళు చివరికి సరేనంటారు. మూడు నెలలు తిరక్కుండా అది సోఫా ఎక్కి పడుకుంటుంది. ఒకనాడు దాని మలంలో సేమ్యాలాంటి తెల్లని పురుగులు కనబడతాయి. ఇల్లాలు వెంటనే ఇండియాకు ఫోను చేస్తుంది. అటునుంచి అమ్మగారు "కాస్త వాము నూరి పట్టించవే, అదే పోతుంది" అంటారు. ఇక్కడ పక్కింటి ఆవిడేమో వెల్లుల్లి పెట్టమంటుంది. రెంటిలో ఏది మంచిదో చెప్పమని మమ్మల్ని అడుగుతారు.

మేము మనుషుల వైద్యులమే కాని పశువుల వైద్యులం కాము. అయినా ఈ నెల శీర్షికను దీనికే కేటాయించాము. కుక్క కడుపులో పురుగు కుక్కతో ఆగదు. అదే నేల మీద పాకే పసిపిల్లవాడి దగ్గరకు కూడా వస్తుంది. అందుచేత ఇది మా సబ్జెక్టే.

పురుగులు నాలుగు రకాలు

కుక్కల పేగుల్లో సాధారణంగా కనిపించేవి నాలుగు. మొదటిది ఏలికపాము. సేమ్యాలాగా కనబడేది ఇదే. శాస్త్రజ్ఞులు టాక్సోకారా కేనిస్ అంటారు. రెండోది కొంకిపురుగు. సన్నగా, అర అంగుళం పొడవుంటుంది, పేగు గోడను పట్టుకుని రక్తం తాగుతుంది. మూడోది బద్దెపురుగు. దీని ముక్కలు బియ్యపు గింజల్లా కుక్క తోక కింద అంటుకుని కనిపిస్తాయి. నాలుగోది కొరడాపురుగు. ఇది పెద్దపేగులో ఉంటుంది.

వీటిలో కంటికి కనిపించేవి చాలావరకు మొదటిదీ మూడోదీ మాత్రమే. కొంకిపురుగు, కొరడాపురుగు మలంలో కనబడడం అరుదు. మైక్రోస్కోపు కింద వాటి గుడ్లు చూసి తెలుసుకోవలసిందే. కనుక "మలం శుభ్రంగానే ఉందండీ" అన్న మాటకు వైద్యంలో విలువ తక్కువ.

ఇంకో సంగతి. కుక్కపిల్లకు పురుగులున్నాయంటే మన ఇల్లు శుభ్రంగా లేదని అర్థం కాదు. తల్లికుక్క కండరాలలో ఏలికపాము పిల్లలు ఏళ్ళ తరబడి నిద్రపోతూ ఉంటాయి. తల్లి చూలుతో ఉన్నప్పుడు అవి మేలుకుని, మాయ గుండా కడుపులోని పిల్లలకు చేరతాయి. కొంకిపురుగులు తల్లిపాల ద్వారా వస్తాయి. పుట్టిన మూడు వారాలకే కుక్కపిల్ల మలంలో గుడ్లు పడడం మొదలవుతుంది. ఎంత మంచి చోట కొన్నా, ఎంత డబ్బు పోసినా ఇది తప్పదు. సిగ్గుపడవలసిన పని లేదు, ఆలస్యం చేయకుండా ఉంటే చాలు.

వాము కథ

వాము మాట చెబితే ఈతరం పిల్లలు నవ్వుతారు. నవ్వనవసరం లేదు. ఈ దేశపు వైద్య చరిత్రలో వాముకు ఒక అధ్యాయమే ఉంది. 1902లో చార్లెస్ వార్డెల్ స్టైల్స్ అనే శాస్త్రజ్ఞుడు, అమెరికా దక్షిణ రాష్ట్రాలలోని బీదవారి నీరసానికి, రక్తహీనతకు మనుషుల కొంకిపురుగు కారణమని చాటాడు. 1909లో రాక్‌ఫెల్లర్ పది లక్షల డాలర్లిచ్చి దాని మీద ఒక ఉద్యమం నడిపించాడు. 1914 దాకా ఊరూరా డిస్పెన్సరీలు పెట్టి ఇచ్చిన ముఖ్యమైన మందు థైమాల్. ఆ థైమాల్ వాములో ఉన్నదే. మొదటి ప్రపంచ యుద్ధానికి ముందు మన దేశపు వాము ఓడలెక్కి జర్మనీ వెళ్ళి, అక్కడ థైమాల్‌గా మారేది. కాబట్టి అమ్మగారి మాటలో కొంత నిజం లేకపోలేదు.

అయితే లెక్క చూడండి. అప్పట్లో పెద్ద మనిషికి ఇచ్చిన మోతాదు సుమారు నాలుగు గ్రాముల థైమాల్. వాములో నూనె నూటికి రెండు నుంచి నాలుగు పాళ్ళు, అందులో థైమాల్ ఇంచుమించు సగం. అంటే నాలుగు గ్రాములు రావాలంటే రెండు వందల నుంచి నాలుగు వందల గ్రాముల వాము కావాలి. మనం నూరి పట్టించే చెంచాడు వాములో ఉండేది ఇరవై నుంచి నలభై మిల్లీగ్రాములు. పైగా థైమాల్ నీళ్ళలో సరిగా కరగదు. వాము నీళ్ళతో కుక్కపిల్ల పొట్ట ఉబ్బరం తగ్గితే తగ్గవచ్చు, పురుగు మాత్రం కదలదు.

సరే, ఎక్కువ ఇద్దామా? అక్కడే ప్రమాదం. ఆ రోజుల్లో రోగికి ముందు రాత్రి భేది ఉప్పు ఇచ్చి, పొద్దున ఖాళీ కడుపున థైమాల్ వేసి, మళ్ళీ భేది ఉప్పు ఇచ్చి బయటకు పంపేవారు. నూనె, నెయ్యి, సారా తగలకూడదని గట్టిగా చెప్పేవారు. కొవ్వులో కరిగితే అది రక్తంలోకి పోయి ప్రాణం మీదకు తెస్తుంది. మనమేమో మందు చేదుగా ఉంటుందని నెయ్యిలో కలిపి తినిపించే జాతి. థైమాల్ తర్వాత అంతకన్నా మంచి మందులు వచ్చాక వైద్యులే దాన్ని వదిలేశారు.

వక్క సంగతి

తాంబూలంలో వక్కది కూడా ఇలాంటి కథే. వక్కపొడిని కుక్కలకు బద్దెపురుగుల మందుగా చాలాకాలం వాడారు. అందులో ఉన్న అరెకోలిన్ అనే పదార్థాన్ని వేరు చేసి, న్యూజిలాండ్ వంటి గొర్రెల దేశాలలో కాపరి కుక్కలకు ఇచ్చేవారు. అది పురుగును చంపదు. పురుగు పట్టు సడలిస్తుంది, అదే సమయంలో కుక్కకు భేది పట్టిస్తుంది. మోతాదు కాస్త తప్పితే కుక్కకు వాంతులు, వణుకు, చొంగ. 1970లలో ప్రాజిక్వాంటెల్ వచ్చాక, కుక్కను ఇలా బాధపెట్టవలసిన అవసరం తీరిపోయింది.

ఇక మిగతావి

వెల్లుల్లి: ఇది మాత్రం వద్దే వద్దు. ఉల్లి, వెల్లుల్లి జాతిలోని గంధకపు పదార్థాలు కుక్క ఎర్ర రక్తకణాలను దెబ్బతీస్తాయి. 2000లో జపాన్ పరిశోధకులు కుక్కలకు వారం రోజులు వెల్లుల్లి సారం ఇచ్చి చూశారు. అది కిలో బరువుకు రోజుకు ఐదు గ్రాముల వెల్లుల్లికి సమానం. ఎర్రకణాలు తగ్గాయి, వాటి ఆకారం మారింది. ఇప్పుడు కొంకిపురుగు సంగతి ఆలోచించండి. ఒక్కొక్క పురుగు రోజుకు 0.1 మిల్లీలీటరు దాకా రక్తం పోగొట్టగలదు. వంద పురుగులుంటే రోజుకు పది మిల్లీలీటర్లు. కిలోన్నర కుక్కపిల్ల ఒంట్లో ఉండే మొత్తం రక్తం నూట ముప్పై మిల్లీలీటర్లు ఉంటే ఎక్కువ. రక్తం తక్కువై చిగుళ్ళు పాలిపోయిన పిల్లకు, ఉన్న కణాలను కూడా పగలగొట్టే దినుసు పెట్టడం ఎంతటి పనో మీరే చెప్పండి. పులుసు, రసం, కూర మిగిలితే కుక్క గిన్నెలో వేసే అలవాటు కూడా ఇందుకే మానుకోవాలి. మన వంటలో ఉల్లి లేనిదేది?

గుమ్మడి గింజలు: వీటిలోని కుకుర్బిటిన్ అనే పదార్థం ప్రయోగశాలలో పురుగుల కదలికను మందగింపజేస్తుంది. ఉప్పు లేని గింజలు నాలుగు తింటే కుక్కకు హాని లేదు. కాని వాటిని నమ్ముకుని మందు మానేస్తే హాని ఉంది. బొప్పాయి గింజలకూ ఇదే మాట.

వేపాకు, పసుపు, వాయువిడంగాలు: ఆయుర్వేదంలో క్రిమిహరాలుగా వాయువిడంగాలకు పెద్దపీట ఉంది. మాకు వాటి మీద గౌరవమే. కాని గౌరవం మోతాదు చెప్పదు. రెండు కిలోల కుక్కపిల్లకు ఎంత, ఏ పురుగుకు, ఎన్ని రోజులు అన్న మూడు ప్రశ్నలకు పరీక్షించి తేల్చిన జవాబు లేనప్పుడు, దాన్ని మందు అనలేము.

ఆముదం: భేది అయితే రెండు పురుగులు పడవచ్చు, అవి చూసి మనకు తృప్తి కలగవచ్చు. కుక్కపిల్ల ఒంట్లో నీరు మాత్రం పోతుంది.

పొగాకు, కిరసనాయిలు, టర్పెంటైను: ఇక్కడా, అక్కడా పల్లెల్లో పాతకాలం వాళ్ళు వాడినవే. ఇవి విషాలు. అంతకన్నా చెప్పవలసింది లేదు.

వీటితో తగ్గిందని అంత గట్టిగా చెప్పేవాళ్ళు ఎందుకుంటారు? వాళ్ళు అబద్ధం చెప్పడం లేదు. ఏలికపాములు ఎక్కువైనప్పుడు కొన్ని వాటంతటవే వాంతిలోనూ మలంలోనూ పడతాయి. ఆ రోజు ఏది పెట్టి ఉంటే దానికి పేరొస్తుంది. కుక్కకు ఆరు నెలలు వచ్చేసరికి ఒంట్లో శక్తి పెరిగి చాలా ఏలికపాములు తామే బయటకు పోతాయి. ఆ పేరు కూడా వాముకే దక్కుతుంది. కాని ఆ ఆరు నెలలూ ఒక్కొక్క ఆడపురుగు రోజుకు లక్ష గుడ్ల దాకా మన పెరట్లో పడేస్తూ ఉంటుంది. అసలు నష్టం అక్కడుంది.

మన పిల్లల సంగతి

1950లో వాషింగ్టన్‌లో కంటి పాథాలజీ చేసే హెలెనార్ వైల్డర్ అనే ఆవిడ, పిల్లల దగ్గరనుంచి తీసేసిన నలభై ఆరు కళ్ళను సన్నని ముక్కలుగా కోసి పరీక్షించింది. అవి కంట్లో కేన్సరేమో అన్న భయంతోనూ, అలాంటి అనుమానాలతోనూ తీసేసిన కళ్ళు. ఇరవై నాలుగు కళ్ళలో ఆమెకు కనిపించినది కేన్సరు కాదు, ఒక చిన్న పురుగు పిల్ల, లేదా అది వదిలిన ఆనవాలు. 1952లో న్యూ ఆర్లియన్స్‌లో పాల్ బీవర్, ఆయన సహచరులు, మట్టి తినే పిల్లలలో కాలేయం పెరగడానికి, ఇస్నోఫిల్ కణాలు విపరీతంగా పెరగడానికి కుక్క ఏలికపాము పిల్లలే కారణమని చూపించారు. మనిషి వాటికి సరైన ఇల్లు కాదు. అందువల్ల అవి పేగులో పెద్దవి కాలేవు, దారి తెలియక కాలేయంలో, ఊపిరితిత్తుల్లో, ఒక్కొక్కప్పుడు కంటిలో తిరుగుతాయి.

భయపెట్టడానికి ఇది రాయడం లేదు. గుడ్లు మింగిన పిల్లలలో చాలామందికి ఏ జబ్బూ రాదు. ఈ దేశంలో 1988–94 మధ్య చేసిన రక్తపరీక్షల సర్వేలో నూటికి సుమారు 14 మందిలో ఈ పురుగు తగిలిన గుర్తు కనిపించింది. 2011–14 సర్వేలో అది నూటికి 5కు దిగింది. జాగ్రత్త పడితే ఫలితం ఉంటుందనడానికి మాకు ఆ అంకెలే ధైర్యం. కాని కంటి చూపు ఒకసారి పోతే తిరిగి తెచ్చే మందు మా దగ్గర లేదు.

మన కుటుంబాల విషయంలో ఇంకొక చిక్కు ఉంది. పిల్లవాడి రక్తపరీక్షలో ఇస్నోఫిల్స్ ఎక్కువ ఉంటే, "మొన్న వేసవిలో ఇండియా వెళ్ళొచ్చాం కదా, అక్కడి నీళ్ళు" అని మనమూ అంటాము, డాక్టరూ అదే రాసుకుంటాడు. ఇంట్లో మూడు నెలల కుక్కపిల్ల ఉన్న సంగతి ఎవరూ చెప్పరు. దయచేసి చెప్పండి. తగ్గని దగ్గు, పిల్లికూతలు, జ్వరం, ఒక కన్ను మసకగా ఉండడం, మెల్లకన్ను కొత్తగా రావడం కనిపిస్తే ఆలస్యం చేయకుండా పిల్లల డాక్టరుకు చూపించి, కుక్క మాట కూడా చెప్పండి.

అసలు మందు

కుక్కపిల్లకు రెండు వారాల వయసు నుంచి, రెండు వారాలకొకసారి రెండు నెలలు దాటేదాకా, ఆ తర్వాత ఆరు నెలల వయసు వరకు నెలకొకసారి పురుగుల మందు పట్టాలి. ఇన్నిసార్లు ఎందుకని అడుగుతారు. మందు పేగులో ఉన్న పురుగులనే చంపుతుంది. ఊపిరితిత్తుల్లో, కండరాల్లో ఉన్న పిల్లపురుగులు తర్వాత పేగుకు దిగుతాయి. వాటి కోసం మళ్ళీ వేయాలి. "మందు వేసినా మళ్ళీ వచ్చాయి" అంటే మందు చెడ్డదని కాదు, రెండో విడత బయలుదేరిందన్నమాట.

ఏలికపాములకు, కొంకిపురుగులకు పైరాంటెల్ అనే మందు వాడతారు. మన పిల్లల నులిపురుగులకు ఇచ్చే మందు కూడా ఇదే. ధర తక్కువ, చీటీ లేకుండా పశువుల దుకాణాలలో దొరుకుతుంది. పశువుల డాక్టరు ఫీజుకు జడిసి వంటింటి మందుల దారి పట్టే వాళ్ళకు ఈ మాట ముఖ్యం. అయితే పిల్లల సీసాలోది కుక్కకు పోయకండి. పిల్లల మందులలో కలిపే తీపి పదార్థాలలో జైలిటాల్ వంటివి కుక్కకు విషం. కుక్కల కోసం చేసినదే కొని, బరువు తూచి, సీసా మీద రాసినట్టు ఇవ్వండి. బద్దెపురుగులకు ప్రాజిక్వాంటెల్, కొరడాపురుగులకు ఫెన్‌బెండజోల్. ఒక్క మందు అన్నింటికీ పనిచేయదు. అందుకే ముందు మలపరీక్ష.

గుర్రాలకు, పశువులకు అమ్మే ఐవర్‌మెక్టిన్ కొని కుక్కకు వేసే వాళ్ళున్నారు. ఆ పని చేయకండి. కోలీ, ఆస్ట్రేలియన్ షెపర్డ్ వంటి జాతులలో కొన్నింటికి పుట్టుకతోనే ఆ మందును మెదడులోకి రానీయని అడ్డు లోపిస్తుంది. కుక్కకు తగిన మోతాదు మైక్రోగ్రాములలో ఉంటుంది, గుర్రం గొట్టంలో ఉన్నది ఐదు వందల కిలోల పైబడిన జంతువుకు సరిపోయేటంత. చెప్పొచ్చేదేమిటంటే, ఐవర్‌మెక్టిన్ కూడా ప్రకృతి నుంచి వచ్చినదే. జపాన్ మట్టిలో దొరికిన సూక్ష్మజీవి దానికి మూలం. 2015లో దానికి నోబెల్ బహుమతి వచ్చింది. ప్రకృతి నుంచి వచ్చినంత మాత్రాన మంచిదీ కాదు, షాపులో దొరికినంత మాత్రాన చెడ్డదీ కాదు. మోతాదు తెలిసినదే మందు.

మందు వేసిన రెండు వారాలకు మలం మళ్ళీ పరీక్ష చేయించడం మంచిది. ఈ దేశంలో మామూలు మందులకు లొంగని కొంకిపురుగులు బయలుదేరాయని 2019 నుంచి పరిశోధకులు రాస్తున్నారు. పందెపు గ్రేహౌండ్ కుక్కలలో అవి ఎక్కువగా కనిపించాయి. అలాంటి కుక్కను తెచ్చుకున్నవారు ఈ పరీక్ష తప్పనిసరిగా చేయించాలి.

ఇంట్లో చేయదగిన వైద్యం

ఇల్లాలి చేతిలో, ఇంటాయన చేతిలో ఉన్న వైద్యం లేదని కాదు. ఉంది, డాక్టరు చేయలేనిది అదే.

ఏలికపాము గుడ్డు మలంలో పడిన వెంటనే ఎవరికీ అంటదు. మట్టిలో రెండు నుంచి నాలుగు వారాలు ముదిరితేనే అంటుతుంది. కనుక పెరట్లో మలాన్ని ప్రతిరోజూ ఎత్తి, సంచిలో కట్టి చెత్తలో వేస్తే గొలుసు అక్కడే తెగిపోతుంది. ఇంత తేలికైన వైద్యం వేరే లేదు. కొంకిపురుగు గుడ్లు అంతకన్నా తొందరగా, వారంలోపే ముదురుతాయి. అందుకే "ఆదివారం నాడు ఒకేసారి తీద్దాం" అంటే చాలదు. ముదిరిన ఏలికపాము గుడ్డు మట్టిలో ఏళ్ళ తరబడి బతుకుతుంది, బ్లీచు పోసినా చావదు.

మన పెరళ్ళలో గోంగూర, తోటకూర, మెంతికూర మళ్ళు ఉంటాయి. కుక్కను అటు పోనీయకుండా చిన్న దడి కట్టండి. దాని మలాన్ని ఎరువు గుంటలో వేయకండి. ఆకుకూర రెండు మూడు నీళ్ళలో కడగండి. పిల్లలు ఆడుకునే ఇసుక పెట్టెకు మూత పెట్టండి. పెరట్లో వట్టికాళ్ళతో తిరగనీయకండి, కొంకిపురుగు పిల్లలు తడిమట్టి నుంచి చర్మంలోకి దూరి దురద చారలు పుట్టిస్తాయి. బద్దెపురుగు ఫ్లీ అనే గెంతే పురుగుల ద్వారా వస్తుంది, అవి పోకుండా మందు ఒక్కటే వేస్తే నెల తిరక్కుండా మళ్ళీ బియ్యపు గింజలు కనిపిస్తాయి.

అన్నింటికన్నా ముందు చేతులు. మనం చేత్తో అన్నం కలుపుకు తినేవాళ్ళం. పెరట్లో ఆడి వచ్చిన పిల్లవాడు సబ్బుతో, గోళ్ళ సందులతో సహా కడుక్కున్నాకే పళ్ళెం ముందు కూర్చోవాలి. ఈ ఒక్క నియమం అమ్మమ్మగారు పెడితే మన అందరికన్నా బాగా అమలవుతుంది. వాము నూరే ఓపికను ఆవిడ ఇటు మళ్ళిస్తే ఇంటికి ఎంతో మేలు.

కుక్కపిల్ల ఉన్న ఇళ్ళవారు ఈ వారమే ఒక పని చేయండి. దానికి పురుగుల మందు చివరిసారి ఏ తేదీన వేశారో గోడ కేలెండరు మీద రాసి, తర్వాతి తేదీ కూడా దాని పక్కనే రాయండి. తేదీ గుర్తుకు రాకపోతే పశువుల డాక్టరుకు ఫోను చేయండి. ప్రశ్నలేమైనా ఉంటే ఎప్పటిలాగే సంపాదకుల చిరునామాకు రాయండి, వచ్చే నెల జవాబిస్తాము.